కదలని బరువు

భిలాయి జి.ఇ. రోడ్డు పక్కన కార్ల యాక్సెసరీస్ దుకాణం ముందు మీ కారు ఆగి ఉంది. జనవరి సాయంత్రం, చలి అప్పుడే మొదలైంది. వెనక లారీలు వరసగా రాయపూర్ వైపు పోతున్నాయి. దుకాణం కుర్రాడు మెరిసే స్టీలు క్యారియర్ ఒకటి భుజాన వేసుకొచ్చి మీ ముందు దించాడు. సంక్రాంతికి ఊరెళ్లాలి. సాలూరు దాకా 500 కిలోమీటర్లకు పైనే ఉంది. రైల్లో బెర్తులు దొరకలేదు. మనుషులు అయిదుగురు, సామాను చూస్తే పదిమందిది.

మీ మావయ్య క్యారియర్ వంక చూడనే లేదు. కారు కప్పు మీద రెండు పక్కలా ఉన్న రూఫ్ రెయిలును వేళ్లతో తట్టి, పట్టుకుని ఊపి చూశాడు. ఉక్కు కర్మాగారం రెయిల్ మిల్లులో బరువులు కట్టి ఎత్తించే రిగ్గర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఏ వస్తువునైనా ముందు చేత్తో కదిపి చూస్తేగానీ మాట్లాడడు.

"ఒరే అల్లుడూ, ఇది మోతకెట్టిందా, సోకుకెట్టిందా?"

మీకు తెలియదు. చాలా కార్లకు కంపెనీ బిగించి ఇచ్చే రెయిళ్లు అందానికే ఉంటాయి. వాటి మీద బరువు వేయొద్దని యజమాని పుస్తకంలోనే రాసి ఉంటుంది. డ్యాష్‌బోర్డు అరలోంచి ఆ పుస్తకం తీసి, దుకాణం బల్బు కింద పేజీలు తిప్పారు. అదృష్టం, మీ కారు రెయిళ్లు బరువు మోసేవే. కప్పు మీద గరిష్ఠ బరువు 75 కిలోలు అని ఉంది. కొన్ని చిన్న కార్లకు ఇది 50 కిలోలే, కొన్నిటికి ఇంకా తక్కువ. కప్పు మీద ఏమీ పెట్టకూడదనే కార్లూ ఉన్నాయి.

"క్యారియర్ ఎంత తూగుద్ది?" అని కుర్రాణ్ణి హిందీలో అడిగాడు మావయ్య. పదిహేను కిలోలుంటుందన్నాడు వాడు. "అయితే మనకి మిగిలింది 60. క్యారియరూ బరువే కదా!" ఈ లెక్క చాలామంది మరిచిపోతారు.

కుర్రాడు ఇంకో మాట కూడా అన్నాడు: ముందు బంపరుకు బుల్ గార్డు వేయించుకుంటే అడవి దారిలో ధైర్యంగా ఉంటుందని. మావయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు. 2017 డిసెంబరులోనే కేంద్ర రోడ్డు రవాణా శాఖ ఈ గార్డులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని, వేయించుకున్న వాళ్లపై చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు దెబ్బను మింగాల్సింది బంపరు, దాని వెనక ముడుచుకోవాల్సిన రేకు. ఇనుప కమ్మీ ఆ దెబ్బను తిన్నగా ఛాసిస్‌కు చేరుస్తుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సిన క్షణాన్ని తప్పించవచ్చు. నడిచిపోయే మనిషికి తగిలితే ప్రాణం మీదికే వస్తుంది.

క్యారియర్ బిగింపు మొదలైంది. కుర్రాడు ఒక పక్క నాలుగు బోల్టులూ పూర్తిగా బిగించబోతే మావయ్య ఆపాడు. ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం, మళ్లీ ఈ పక్క. అలా బిగిస్తే అడ్డకమ్మీ వంకర పోకుండా కూర్చుంటుంది. క్లాంపు కింద రబ్బరు సరిగ్గా ఆనిందో లేదో మీ చేత తడిమించాడు. చివరికి కమ్మీని రెండు చేతులా పట్టుకుని ఊపమన్నాడు. మీరు ఊపితే కారు మొత్తం స్ప్రింగుల మీద ఊగింది, కమ్మీ మాత్రం రెయిలు మీద వెంట్రుకవాసి కూడా జరగలేదు. "అదీ. కారుతో కలిసి ఊగాలి. తనంతట తాను ఊగకూడదు."

సెక్టారు క్వార్టరుకు తిరిగొచ్చేసరికి వరండా నిండా సామానుంది. ఈ ఊళ్లో తెలుగు ఇళ్లల్లో పండగ ముందు కనబడే దృశ్యమే ఇది. 1955 ఫిబ్రవరి 2న ఇక్కడి ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించాక, ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఎందరో పని వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. సెక్టార్-5లో బాలాజీ గుడి వెలిసింది. పిల్లలు హిందీలో చదువుకున్నారు. పండక్కి మాత్రం ఊరే.

నగరి దూబ్‌రాజ్ బియ్యం మూట 25 కిలోలు. ధమ్తరీ జిల్లాలో పండే ఈ సువాసన బియ్యానికి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊళ్లో పొంగలికి ఇదే కావాలని అమ్మమ్మ కబురు. ప్రెషర్ కుక్కరు, మిక్సీ, దుప్పట్ల మూటలు, బట్టల సూట్‌కేసులు, ఒక మడత మంచం, చుట్టి కట్టని ఒక పరుపు.

అత్తయ్య బియ్యం మూటను వెనక సీట్లో, పాప పక్కన పెట్టమంది. మావయ్య ఒప్పుకోలేదు. "గంటకి 50లో పోతున్న కారు దేన్నో గుద్ది, సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకో. ఆ 25 కిలోల మూట 350 కిలోల జోరుతో ముందుకొస్తాది. బరువు కాదర్రా మనిషిని సంపేది, ఆ బరువు కదలడం."

అందుకే మూట డిక్కీలోకి వెళ్లింది. అడుగున, వెనక సీటు వీపుకు గట్టిగా ఆనించి. మిక్సీ, కుక్కరు దాని పక్కనే. బరువైనవి కిందా ముందూ, తేలికవి పైనా వెనకా. సందుల్లో దుప్పట్లు దూర్చి, ఏదీ జరగకుండా చేశారు. వెనక సీటు వీపు కొక్కెం పడిందో లేదో లాగి చూశారు. అది పడకపోతే డిక్కీకీ పిల్లలకూ మధ్య గోడ లేనట్టే. వెనక అద్దం కింద పలక మీద ఏమీ పెట్టలేదు, గొడుగు కూడా. డ్రైవరు కాళ్ల దగ్గర నీళ్ల సీసా ఉండకూడదు, దొర్లి బ్రేకు కింద ఇరుక్కుంటుంది. జాకీ, పానా, ఎర్ర త్రికోణం సామాను కింద పూడిపోకుండా పక్కకు తీసి ఉంచారు. స్టెప్నీలో గాలి చూశారు.

ఇక పరుపు. దాన్ని కప్పు మీద పరిచి, కిటికీల్లోంచి తాడు దూర్చి, అటూ ఇటూ కూర్చున్న వాళ్లు చేత్తో పట్టుకుంటే సరిపోతుందని మీ బావ సలహా. మావయ్య కాగితం ముక్క మీద లెక్క వేశాడు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గంటకు 80లో పోతుంటే గాలి ముందు అంచు కింద దూరి పరుపును నిలబెట్టిందంటే, దాదాపు 50 కిలోల జోరుతో వెనక్కి లాగుతుంది. వేగం రెట్టింపైతే ఈ జోరు నాలుగింతలవుతుంది. ఏ చెయ్యి ఆపుతుంది? చెయ్యి వదిలితే ఆ పరుపు వెనకొచ్చే మోటారు సైకిలు మనిషి మీద పడుతుంది. అన్నిటికన్నా కష్టం అతనికే. పరుపు ఇంట్లోనే ఉండిపోయింది. ఊళ్లో చాపలున్నాయి.

క్యారియర్ మీదికి మడత మంచం, రెండు సూట్‌కేసులు, దుప్పట్ల మూట ఎక్కాయి. స్నానాలగది త్రాసు మీద ఒక్కొక్కటీ తూచి ఎక్కించారు, అన్నీ కలిపి 42 కిలోలు. ఇంకా చోటున్నా మావయ్య ఆపేశాడు. కప్పు మీద పడిన ప్రతి కిలో కారు గురుత్వ కేంద్రాన్ని పైకి జరుపుతుంది. మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది. బట్టల సూట్‌కేసులు క్యారియర్ ముందు గోడకు ఆనాయి, వాటి వెనక మంచం. ఈ వరస ఎందుకని మీరు అడిగారు.

"గట్టిగా బ్రేకేస్తే 42 కిలోల సామాను ముప్పై కిలోలకు పైగా జోరుతో ముందుకు తోస్తాది. ఆ తోపుడు ముందు గోడ ఆపాలి. బెల్టొక్కటే ఆపలేదు."

బెల్టుల వంతు వచ్చింది. కొక్కేలున్న సాగే రబ్బరు తాళ్లను ఆయన పక్కన పడేశాడు. జోరు ఎక్కువైనప్పుడే అవి సాగిపోతాయి. కొక్కెం జారితే కంటికే తగులుతుంది. రాచెట్ బెల్టులు తీశాడు. ఒకటి సామాను మీదుగా అడ్డంగా, ఇంకోటి ముందు నుంచి వెనక్కి, రెండూ క్యారియర్ కమ్మీలకే, కారు తలుపులకు కాదు. మిల్లులో నేర్చుకున్న పాఠం ఒకటి ఇక్కడ చెప్పాడు. రెండు కాళ్ల స్లింగుతో టన్ను బరువు ఎత్తుతున్నప్పుడు ఆ కాళ్లు నేలకు 30 డిగ్రీల వాలులో ఉంటే, ఒక్కో కాలి మీద పూర్తి టన్ను జోరు పడుతుంది. బాగా వాలిన బెల్టుకు కిందికి నొక్కే శక్తి తక్కువ, తన మీద పడే భారం ఎక్కువ. అందుకే బెల్టు సామాను పక్కనుంచి వీలైనంత నిటారుగా దిగాలి. రాచెట్ బిగించాక బెల్టుకు ఒక్క మెలిక వేశాడు, గాలికి కొట్టుకుని రొద పెట్టకుండా. మిగిలిన తోక కట్టేశాడు. బరకం చుట్టూ ముడిచి, ఎక్కడా గాలి దూరే సందు లేకుండా లాగాడు.

ఆ రాత్రే కారును లారీలు తూచే ధరమ్‌కాంటాకు తీసుకెళ్లారు. హథ్‌ఖోజ్ వైపు లారీల మధ్య వరసలో మీ చిన్న కారు. మనుషులంతా లోపలే కూర్చున్నారు. కాటా మీద అంకె కనిపించేసరికి అందరూ నిశ్శబ్దంగా చూశారు. పుస్తకంలోని గరిష్ఠ బరువు కన్నా ఇంకా కొద్ది కిలోలు తక్కువే. లెక్క తేలికే: ఖాళీ కారు 900 కిలోలు, కంపెనీ ఒప్పుకునే మొత్తం 1,330 అయితే, మిగిలేది 430. అయిదుగురు మనుషులే అందులో 330 తినేస్తారు. సామానుకు మిగిలేది 100. కుటుంబాలు సులువుగా దాటేసే గీత ఇది.

తెల్లవారుజామున చక్రాలు చల్లగా ఉండగానే గాలి కొట్టించారు. డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద చీటీలో రెండు వరసలుంటాయి, ఒకటి మామూలు బరువుకు, రెండోది నిండు బరువుకు. ఈ రోజు రెండో వరస. వెనక బరువు పడి హెడ్‌లైట్లు ఆకాశం వంక చూస్తున్నాయి. స్టీరింగ్ పక్క చిన్న చక్రాన్ని తిప్పి కాంతిని రోడ్డు మీదికి దించారు, ఎదురొచ్చే వాళ్ల కళ్లలో పడకుండా. నంబరు ప్లేటు, వెనక దీపాలు దేనికీ మరుగు పడలేదు. సామాను కారు పక్కలు దాటలేదు. హద్దులు దాటేలా సరుకు వేలాడదీస్తే చట్టంలో 20,000 రూపాయల జరిమానా ఉంది. పాప తన సీట్లో బెల్టు పెట్టుకుంది. 14 ఏళ్ల లోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్లకూడదని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ చెబుతోంది. వెనక కూర్చున్న పెద్దలకూ బెల్టే. 2022 సెప్టెంబరు 4న పాల్‌ఘర్ దగ్గర కారు ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయింది వెనక సీట్లో, బెల్టు లేకుండా.

రాయపూర్ శివార్లు దాటాక పెట్రోలు బంకు దగ్గర ఆపించాడు మావయ్య. ప్రయాణం మొదలైన ముప్పై, నలభై కిలోమీటర్లకు మొదటి ఆగుడు తప్పదంటాడు. గుంతలకు, కుదుపులకు సామాను సర్దుకుంటుంది, బెల్టు వదులవుతుంది. రాచెట్ ఇంకో రెండు పళ్లు కదిలింది. క్లాంపు బోల్టు ఒకటి పావు తిప్పు తిరిగింది. ఇంట్లో ఎంత బిగించినా రోడ్డు తన పని తాను చేస్తుంది.

ధమ్తరీ, చారామా దాటారు. కాంకేర్‌కు ముందు వరిపొలాల పక్క నుంచి ఆవు ఒకటి రోడ్డు మీదికి వచ్చేసింది. మీరు గట్టిగా బ్రేకు తొక్కారు. పెడల్ కింద టకటకా కొట్టుకుంది ఏబీఎస్. బెల్టులు అందరి ఛాతీలకూ అతుక్కున్నాయి. కారు ఆగింది. బియ్యం మూట ఉన్నచోటే ఉంది. కుక్కరు మూత కూడా మోగలేదు. దిగి చూస్తే కప్పు మీద బరకం మడత చెక్కుచెదరలేదు. నిన్న రాత్రి వరండాలో చేసిన పనంతా ఈ ఒక్క క్షణం కోసమే. వెనక సీట్లో పాప "ఆవు పోయిందా తాతా?" అని అడుగుతోంది.

కేశ్‌కాల్ ఘాట్‌లో పన్నెండు మలుపులు. ఎదురుగా ఖనిజం లారీలు. రోజూ నడిపే కారే, మీ చేతికి కొత్తగా తెలుస్తోంది. స్టీరింగ్ తిప్పాక ఒక్క క్షణం ఆలస్యంగా పక్కకు ఒరుగుతోంది, తిరిగి నిలబడడానికీ సమయం తీసుకుంటోంది. మలుపులో కాదు, మలుపుకు ముందే వేగం తగ్గించమన్నాడు మావయ్య. ముందు బండికి రెట్టింపు ఎడం వదిలారు.

రాత్రి జగదల్‌పూర్‌లో పడుకున్నారు. తెల్లారి బయల్దేరే ముందు మళ్లీ గాలి, మళ్లీ బెల్టులు. జయపురం, కోరాపుట్, పొట్టంగి దాటాక సుంకి నుంచి కనుమ దిగుతోంది. ఈ దిగుడులో బ్రేకు మీదే కాలు ఉంచితే డిస్కులు కాగి, తొక్కినా పట్టని స్థితి వస్తుంది. నిండు బరువుతో అది ఇంకా తొందరగా వస్తుంది. మీరు రెండో గేరులో పెట్టి ఇంజనుకే పని అప్పగించారు. బ్రేకు అవసరమైనప్పుడు గట్టిగా, కొద్దిసేపు, ఆ వెంటనే వదలడం. కింద చింతచెట్లు, చెరువులు, తెలుగు అక్షరాల బోర్డులు కనిపిస్తున్నాయి.

సాలూరులో టీ తాగుతూ మావయ్య తిరుగు ప్రయాణం లెక్క ఎత్తాడు. అమ్మమ్మ కొబ్బరికాయలు మూటెడు ఇస్తుంది, ఆవకాయ జాడీ ఇస్తుంది, పలాస జీడిపప్పు కొంటారు. అన్నీ వేస్తే ధరమ్‌కాంటాలో మిగిలిన ఆ కొద్ది కిలోలు చాలవు. కొబ్బరికాయల మూట రైల్వే పార్సిలులో వస్తుందని అప్పుడే తేలిపోయింది. జాడీ ముందు సీటు వెనక, కాళ్ల దగ్గర, దుప్పటి చుట్టి. అమ్మమ్మ కోప్పడితే తానే సర్దిచెబుతానన్నాడు. ఏం తీసుకెళ్లాలన్నది ప్రేమ చెబుతుంది, ఎంత తీసుకెళ్లాలన్నది కారు చెబుతుంది. రెంటికీ పోటీ వస్తే కారు మాటే వినాలి, లోపల కూర్చున్నది ఆ ప్రేమకు మూలమైన మనుషులు గనక.