గోల్ఫ్ రౌండులో శారీరక, మానసిక సామర్థ్యం

18 హోల్స్ ఆట ముగిసేదాకా ఒంటి సత్తువ, ఏకాగ్రత సడలకుండా నిలుపుకోవడమే గోల్ఫ్ రౌండులో సామర్థ్య నిర్వహణ. నడిచి ఆడితే రౌండుకు 4 నుంచి 5 గంటలు పడుతుంది. నడక సాధారణంగా 8 కిలోమీటర్లు దాటుతుంది. ఆ గంటల్లో బంతిని కొట్టే వ్యవధి స్వల్పం. అలసట, పరధ్యానం చొరబడేది షాట్ల నడుమ విరామాల్లోనే. 2019 నిబంధనలు ఒక్కో షాట్‌ను 40 సెకన్లలో ముగించాలని సిఫారసు చేస్తాయి; అందుకే దూరం, గాలి చూసుకోవడం, క్లబ్ ఎంచుకోవడం, సాధన స్వింగ్ అనే వరుసను ఆటగాళ్లు ప్రతిసారీ మార్చకుండా పాటిస్తారు. తెలంగాణలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో ఉదయాన్నే ఆట మొదలుపెట్టడం, దాహం వేయకముందే నీళ్లు, ఉప్పు కలిపిన పలుచని మజ్జిగ తాగడం మేలు.

తెలుగు మూలాలున్న అమెరికన్ ఆటగాడు సాహిత్ తీగల (జననం 1997) ఆట ఈ నిలకడకు మంచి నిదర్శనం. వెన్నెముక వంపు ఉన్నా ఆయన 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచారు. 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండులో, బంకర్‌లో (ఇసుక గుంటలో) క్లబ్‌ను వెనక్కి తీస్తుండగా ఇసుక తగిలిందని తానే చెప్పి 2 స్ట్రోకుల జరిమానా స్వీకరించారు. అయినా ఏకాగ్రత సడలనివ్వక ఆ పోటీలో మూడో స్థానం దక్కించుకున్నారు.