ఆదివారం బ్రేకుల పని



కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి బండి సామాన్ల కోసం బెంగళూరు వచ్చేవారికి జె.సి. రోడ్డు గురించి చెప్పనక్కరలేదు. టౌన్ హాలు దగ్గర మొదలై మినర్వా సర్కిల్ దాకా విడిభాగాల అంగళ్లు. నా చిన్నతనంలో మా నాన్నగారు అక్కడి నుంచి ఒక చిన్న పొట్లం తెచ్చారంటే, వచ్చే ఆదివారం మా వాకిట్లో పాత ఫియట్ కారు చక్రాలు ఊడినట్టే. పొట్లంలో ఉండేవి బ్రేకు సిలిండర్లకు వేసే రబ్బరు కప్పులు. వాటి ధర కొద్ది రూపాయలే. షెడ్డులో ఇచ్చే కూలి అంతకు ఎన్నో రెట్లు. ఆ తేడా మిగుల్చుకోవడానికే ఈ ఇంటి పని.

మా వీధిలో ఇలా చేసేవారు ఇంకా ఉండేవారు. అందుకు కారణం వెతికితే, కథ విశ్వేశ్వరయ్యగారి దాకా పోతుంది. ఆయన ఇంటిపేరు మోక్షగుండం గిద్దలూరు ప్రాంతపు ఊరిపేరు. పుట్టింది చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దేనహళ్ళిలో. 1930ల నడుమ ఆయన, పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ బెంగళూరులో కార్ల కర్మాగారం పెట్టాలని తలచారు. బ్రిటిష్ ప్రభుత్వ మద్దతు లేక అది కాగితం మీదే ఆగిపోయింది. వాల్‌చంద్ 1940లో మైసూరు సంస్థానంతో కలిసి ఇక్కడ విమానాల కర్మాగారం మొదలుపెట్టారు. కార్ల కోసం 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. మన ఊళ్ళో తయారు కావలసిన కారు ఆ విధంగా బొంబాయి పాలైంది.

కాని విమానాల కర్మాగారం వెంట 1948లో ఐ.టి.ఐ., 1953లో హెచ్.ఎం.టి., 1954లో బి.ఇ.ఎల్. వచ్చాయి. పానా, ఆకురాయి పట్టడం తెలిసిన వేలమంది బెంగళూరులో స్థిరపడ్డారు. సరిహద్దు జిల్లాల తెలుగువారూ వారిలో ఉన్నారు. అటువంటి ఒక కర్మాగారంలో ఫిట్టరు మా నాన్నగారు. మరోవైపు లైసెన్సుల కాలం. 1983 డిసెంబరులో మారుతి వచ్చేదాకా ఫియట్టో, అంబాసిడరో, స్టాండర్డో తప్ప పెద్దగా గత్యంతరం లేదు. కొత్త కారు కోసం ఏళ్ళ తరబడి కాచుకోవాలి. ఉన్న బండినే ఇరవై ఏళ్ళు నడపాలి. చేతిలో పని ఉన్నవాడికి, చేతిలో డబ్బు లేనప్పుడు, ఏం తోస్తుందో వేరే చెప్పాలా?

ఇక ఆ బ్రేకు సంగతి. తొలినాటి కార్లలో కడ్డీలు, తీగలు లాగితే బ్రేకు పడేది. ద్రవం ఒత్తిడితో నాలుగు చక్రాలనూ ఆపే పద్ధతికి అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ 1917లో పేటెంటు తీసుకున్నారు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారులో అది వచ్చింది. ఫోర్డు కంపెనీ మాత్రం 1939 దాకా కడ్డీలనూ తీగలనూ వదల్లేదు. మా ఫియట్‌లో ఈ ద్రవం పద్ధతే, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. పెడల్ తొక్కితే ద్రవం కప్పులను తోస్తుంది, అవి షూలను తోస్తాయి, షూలు డ్రమ్మును ఒరుసుకుంటాయి. గొట్టంలో గాలి చేరితే ఆ తోపు చక్రం దాకా అందదు. అందుకే చివరికి గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. నేను లోపల కూర్చుని పెడల్ తొక్కేవాణ్ణి. “తొక్కు... అట్లే పట్టుకో... ఇప్పుడు వదులురా” అని చక్రం పక్క నుంచి నాన్నగారి గొంతు వినిపించేది. జాం సీసాలోకి దిగిన గొట్టంలో బుడగలు ఆగేదాకా అదే పని.

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గాని నిజానికి అది నూనె కాదు. నూనె పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి బ్రేకులు పట్టేసుకుంటాయి. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సాధారణంగా వాడే డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వేడిదాకా మరగకూడదు. తేమ చేరితే 140 డిగ్రీలకే మరగవచ్చు. ఈ సంగతి మాకు పుస్తకంలో తెలియలేదు.

1993 వేసవిలో చిత్తూరులో మా మేనత్తగారింటికి బయలుదేరాం. ముందు ఆదివారమే నాన్నగారు బ్రేకుల పని ముగించారు. కప్పులు కొత్తవి. ద్రవం మాత్రం అంతకు ముందటేడు మూత తీసిన డబ్బాలోది, పారబొయ్యడం ఎందుకని. కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటాం. మొగిలి ఘాట్ దిగుతుంటే నాన్నగారు బ్రేకు మీద కాలు తీయలేదు. సగం దారిలో పెడల్ నేలకు అంటుకుంది. ఎన్నిమార్లు తొక్కినా అంతే. మా బండిలో నాలుగు చక్రాలకూ ఒకే ద్రవం దారి. అది పోతే అన్నీ పోయినట్టే. ఆయన రెండో గేరుకు, తర్వాత మొదటి గేరుకు దించి, కొండ వైపు మట్టిగట్టుకు బండిని రాపిడి పెట్టి ఆపారు. వెనక సీట్లో అమ్మ ఒక్క మాట అనలేదు. నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ నిశ్శబ్దమే.

విచిత్రమేమంటే, అరగంట తర్వాత పెడల్ మామూలుగా నిలబడింది. మరిగిన ద్రవం చల్లారి ఆవిరి తగ్గింది. చేతిపని తప్పు కాదు. మిగుల్చుకోవలసింది కూలి గాని ద్రవం ధర కాదని నాన్నగారు ఆ సాయంత్రం మేనత్తతో అన్నారు.

మరో ప్రమాదం అప్పుడు ఆయనకూ తెలియదు. డ్రమ్ము విప్పగానే లోపలి బూడిదరంగు దుమ్మును నోటితో ఊదేసేవాళ్ళం. ఆ కాలపు లైనింగులలో ఎక్కువ భాగం ఆస్‌బెస్టాస్ కలిసినవే. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తవ్విన రాతినార ఆ జాతి ఖనిజమే. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్ఫై ఏళ్ళు పట్టవచ్చు. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, ఆరోగ్యం కార్మికుని జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఇంటి వాకిట్లో ఊదిన మావంటివారికి చెప్పినవారెవరూ లేరు. డ్రమ్మును తడిగుడ్డతో తుడిస్తే సరిపోయేది.

పద్మిని పేరుతో వచ్చిన ఆ ఫియట్ తయారీ 2000 ప్రాంతంలో ఆగింది, అంబాసిడర్ 2014లో. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ చక్రాలు బిగుసుకుపోకుండా కాచే ఏ.బి.ఎస్. తప్పనిసరి. ఆ బండ్లలో కొన్నిటికి గాలి తీయాలన్నా కంప్యూటరు పరికరం కావాలి. ఇప్పుడు నా బండి బ్రేకులు నేను విప్పను. నెలకొకసారి బానెట్ ఎత్తి డబ్బాలో ద్రవం మట్టం చూస్తాను. రంగు నల్లబడితే షెడ్డుకు తీసుకుపోయి, కొత్త డబ్బా మూత నా ఎదుటే తీయమంటాను. మెకానిక్ నవ్వుతాడు, నవ్వనీయండి.