గాలి తుపాకుల సేకరణ

గాలి తుపాకుల సేకరణ అనగా మందుగుండుకు బదులుగా సంపీడిత వాయువుతో పనిచేసే పాత తుపాకులను, ముఖ్యంగా నిపుణులైన తుపాకి పనివారు ఒక్కొక్కటిగా చేతితో తయారుచేసిన అరుదైన నమూనాలను సేకరించి, అధ్యయనం చేసి, భద్రపరచే వ్యాసంగం. చేతికర్రలో దాచిన తుపాకులు, తిత్తులతో పనిచేసే తుపాకులు, అసలు తుపాకికి సగం లేదా మూడవ వంతు కొలతలో చేసిన సూక్ష్మ తుపాకులు ఇందులో విశేషంగా ఆదరణ పొందినవి. ఐరోపా, అమెరికా ఖండాలలో ఈ వ్యాసంగం ఎక్కువగా కనిపిస్తుంది.

పనిచేసే విధానం

గాలి తుపాకిలో గుండును ముందుకు నెట్టేది సంపీడిత వాయువు. దీనిని మూడు ముఖ్య పద్ధతులలో సాధిస్తారు.

తిత్తి పద్ధతి: తుపాకి మడమలో అమర్చిన చిన్న తోలు తిత్తిని బలమైన స్ప్రింగులు ఒక్కసారిగా నొక్కుతాయి. కమ్మరి కొలిమి తిత్తి సూత్రమే ఇది. దీని శక్తి తక్కువ. అందువలన ఇంటిలోపల గురి అభ్యాసానికి, చిన్న బాణపు ముల్లులను వదలడానికి వాడేవారు.

స్ప్రింగు, ముషలకం పద్ధతి: మీట నొక్కగానే స్ప్రింగు విడుదలై ముషలకాన్ని తోస్తుంది. అది ముందున్న గాలిని ఆ క్షణంలోనే సంపీడనం చేస్తుంది.

గాలి పాత్ర పద్ధతి: చేతి పంపుతో గాలిని ముందుగానే ఒక లోహపు పాత్రలో అధిక పీడనంతో నింపి ఉంచుతారు. మీట నొక్కినప్పుడు కవాటం లిప్తకాలం తెరుచుకొని కొంత గాలిని మాత్రమే వదులుతుంది. ఈ పాత్ర తుపాకి మడమగానో, గొట్టం క్రింద మరతో బిగించిన రాగి గోళంగానో ఉండేది.

చరిత్ర

నేడు నిలిచి ఉన్న గాలి తుపాకులలో అతి పాతదిగా పేర్కొనబడేది స్టాక్‌హోంలోని రాజ ఆయుధశాల సంగ్రహాలయంలో ఉన్నది. అది సుమారు 1580 నాటిది. 17వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సు దేశపు పనివాడు మారిన్ ల బుర్జ్వా నాల్గవ హెన్రీ రాజు కొరకు గాలి తుపాకిని తయారుచేశాడు.

ఈ రకపు ఆయుధాలలో అత్యంత ప్రసిద్ధమైనది జిరార్డోని గాలి తుపాకి. టిరోల్ ప్రాంతానికి చెందిన బార్తొలోమియో జిరార్డోని దీనిని సుమారు 1779లో రూపొందించాడు. ఆస్ట్రియా సైన్యం 1780 ప్రాంతం నుండి దీనిని వాడింది. దాని మడమయే గాలి పాత్ర. గొట్టం ప్రక్కనున్న సన్నని నాళంలో 20కి పైగా సీసపు గుండ్లు పట్టేవి. తుపాకి మూతిని పైకెత్తి, ఉక్కు దిమ్మను బొటనవ్రేలితో ప్రక్కకు నొక్కితే తరువాతి గుండు తనంతట తానే దొర్లి స్థానంలో పడేది. ఒక్కొక్క గుండును మూతి నుండి కూరవలసిన ఆ కాలంలో ఇది అసాధారణమైన వేగం. పొగ లేదు, మెరుపు లేదు, వర్షానికి తడిసిపోయే మందు లేదు.

అయినను ఈ తుపాకి సైన్యంలో ఎక్కువ కాలం నిలువలేదు. గాలి పాత్రను నింపడానికి సుమారు 1500 సార్లు పంపు కొట్టవలసి వచ్చేది. రేకును వంచి, అతికి, గాలి కారకుండా పాత్రలను తయారుచేయగల పనివారు తక్కువ. తోలు బిగింపులను ఎల్లప్పుడూ తడిగా ఉంచవలసి వచ్చేది. మరమ్మతుకు ప్రత్యేక శిక్షణ కావలసి వచ్చేది. ఈ తుపాకితో పట్టుబడిన సైనికులను నెపోలియన్ ఉరితీయించాడనే కథ తరచు వినిపిస్తుంది గాని, దానికి సమకాలీన ఆధారాలు లభించలేదు.

19వ శతాబ్దంలో ఇంగ్లండులో చేతికర్ర గాలి తుపాకులు ప్రచారంలోకి వచ్చాయి. చూడడానికి ఇవి మామూలు నడక కర్రలు. పై భాగం ఇత్తడి గాలి పాత్ర, క్రింది భాగం గొట్టం. రెంటినీ మరతో బిగిస్తారు. మీట స్థానంలో చిన్న బొత్తం మాత్రమే పైకి కనిపిస్తుంది. పంపు, గుండ్ల అచ్చు, తాళంచెవి వంటి సామగ్రితో కూడిన పెట్టె పూర్తిగా దొరికితే సేకర్తలు దానికి అధిక విలువ ఇస్తారు. ఆర్థర్ కోనన్ డోయల్ 1903లో ప్రచురించిన ఒక షెర్లాక్ హోమ్స్ కథలో అంధుడైన జర్మను పనివాడు చేసిన గాలి తుపాకి కీలకమైన పాత్ర వహిస్తుంది.

సూక్ష్మ తుపాకులు

సూక్ష్మ తుపాకి బొమ్మ కాదు. అసలు తుపాకిలోని కవాటం, స్ప్రింగు, మీట, మరలు అన్నీ అందులోనూ ఉండి పనిచేయాలి. అసలు దానివలెనే విడదీసి మరల కూర్చగలిగినదే ఉత్తమమైనదిగా పరిగణింపబడుతుంది.

కొలత తగ్గినకొద్దీ పని కష్టమవుతుంది. ఉదాహరణకు 900 మి.మీ. పొడవు, 12 మి.మీ. గొట్టం గల తుపాకిని మూడవ వంతుకు కుదిస్తే పొడవు 300 మి.మీ., గొట్టం 4 మి.మీ. అవుతాయి. కాని గాలి పాత్ర ఘనపరిమాణం 27వ వంతుకు పడిపోతుంది. గాలి కారే సందు వైశాల్యం, అదే నిష్పత్తిలో తగ్గించినా, 9వ వంతుకు మాత్రమే తగ్గుతుంది. అనగా పాత్ర మూడు రెట్లు త్వరగా ఖాళీ అవుతుంది. కనుక సూక్ష్మ తుపాకి చేసేవాడు అసలు తుపాకి చేసినవానికంటె ఎక్కువ బిగువుగా కవాటాన్ని అరగదీయాలి. ఈ పనికి గడియారాల పనివారి నైపుణ్యం కావాలి. 1914లో వెలువడిన 2.7 మి.మీ. కొలిబ్రీ పిస్తోలు మందుగుండు ఆయుధమే అయినా, దానిని రూపొందించిన ఫ్రాంజ్ ఫాన్నల్ ఆస్ట్రియాకు చెందిన గడియారాల పనివాడు కావడం గమనార్హం.

సేకరణ, చరిత్ర పరిశోధన

పాత వస్తువును భద్రపరచినందువలన చరిత్రలో ఒక ప్రశ్నకు సమాధానం దొరికిన సందర్భం ఒకటి ఉన్నది. 1803–1806 మధ్య అమెరికా పశ్చిమ ప్రాంతాలను అన్వేషించిన లూయీస్, క్లార్క్ బృందం వద్ద ఒక గాలి తుపాకి ఉండేది. 1803 ఆగస్టు చివర, యాత్ర ఆరంభంలోనే, దానిని చూడవచ్చిన ఒకరి చేతిలో అది ప్రేలి, కొంత దూరంలో ఉన్న ఒక స్త్రీ కణతకు గాయమైంది. తరువాత దారిలో ఎదురైన స్థానిక తెగల ముందు దానిని పలుమార్లు ప్రదర్శించారు.

ఆ తుపాకి ఫిలడెల్ఫియాకు చెందిన ఐజయ్యా ల్యూకెన్స్ చేసిన ఒంటి గుండు తుపాకి అని చాలా కాలం భావించారు. కాని 1803లో దానిని చూసిన థామస్ రాడ్నీ తన దినచర్యలో 22 గుండ్లు వరుసగా పేల్చగల ఏర్పాటును వర్ణించాడు. ఇది జిరార్డోని తుపాకికే సరిపోతుంది. 1805 జూన్ 10న బృందంలోని జాన్ షీల్డ్స్ ఆ తుపాకికి ప్రధాన స్ప్రింగు మార్చినట్లు లూయీస్ వ్రాశాడు. సేకర్త రాబర్ట్ బీమన్ వద్దనున్న ఒక జిరార్డోని తుపాకిలో అటువంటి మరమ్మతు గుర్తులు కనిపించడంతో, అదే యాత్రలో వాడినదని ఆయన వాదించాడు. తుపాకి రకం విషయంలో నేడు చాలామంది ఏకీభవిస్తారు. అదే తుపాకి అన్న వాదనను మాత్రం అందరూ అంగీకరించలేదు. దానిని పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఉన్న సైనిక సంస్థకు ఆయన విరాళంగా ఇచ్చాడు. ఎవరైనా మెరుగు కోసం ఆ పాత స్ప్రింగును తీసివేసి ఉంటే ఈ వాదనకే ఆధారం ఉండేది కాదు.

భద్రత, పరిరక్షణ

పాత గాలి పాత్రలలో గాలి నింపడం ప్రమాదకరం. అతుకుల లోపల పట్టిన తుప్పు పైకి కనిపించదు. పాత్ర పగిలితే ముక్కలు గుండ్లవలె ఎగురుతాయి. పరిమాణం చిన్నదైనంత మాత్రాన పీడనం తగ్గదు గనుక సూక్ష్మ తుపాకులకూ ఇది వర్తిస్తుంది. పనితీరు చూపడానికి కొత్తగా చేసిన నకళ్ళను వాడడమే ఉత్తమం.

లోహాన్ని రుద్ది మెరుగుపెట్టడం, కర్రకు కొత్త వార్నిషు పూయడం వలన పనివాని ముద్రలు, ఆకురాయి గీతలు చెరిగిపోతాయి. విలువ కూడా తగ్గుతుంది.

చట్టాలు

బ్రిటనులో సాధారణ గాలి రైఫిళ్ళకు 12 అడుగు-పౌండ్లు, పిస్తోళ్ళకు 6 అడుగు-పౌండ్లు శక్తి పరిమితి ఉన్నది. స్కాట్లండులో 2016 డిసెంబరు 31 నుండి అనుమతి పత్రం తప్పనిసరి అయింది. భారతదేశంలో 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం శక్తి 20 జౌళ్ళకు మించినా, గొట్టం 4.5 మి.మీ. కంటె పెద్దదైనా అనుమతి పత్రం అవసరం. పాత తుపాకులలో చాలా వాటి గొట్టం ఈ కొలతను మించే ఉంటుంది. వంద సంవత్సరాలు దాటిన వస్తువులు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు ఎగుమతి చేయరాదు.

భారతదేశంలో గాలి తుపాకి ప్రధానంగా క్రీడా పరికరంగానే పరిచయం. 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం సాధించాడు.

ఇవి కూడా చూడండి

గగన్ నారంగ్
షూటింగ్ (క్రీడ)
లూయీస్, క్లార్క్ యాత్ర
సంగ్రహాలయం