పద్నాలుగో కిలోమీటరు

2025 ఫిబ్రవరి 22. శనివారం. నల్లమలలో పొద్దుటి చలి ఇంకా వదల్లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర, కొండ అడుగున తెరిచిన సొరంగం నోట్లోకి లోకో ట్రెయిన్ దూరింది. లోపల కూలీలు, ఇంజనీర్లు, మెషీన్ ఆపరేటర్లు. పట్టాల మీద పెట్టెలు గడగడలాడుతున్నాయి. వెలుతురు వెనకబడింది. గాలి వేడెక్కింది, తేమగా ఒంటికి అంటుకుంటోంది. పని జరిగే చోటుకు పద్నాలుగు కిలోమీటర్లు. లోపలికి పోవాలన్నా, బయటపడాలన్నా ఆ పట్టాలే దిక్కు.

చివర్లో ఉన్నది పది మీటర్ల వ్యాసం ఉన్న టన్నెల్ బోరింగ్ మెషీన్. ముందు రాయిని కొరుకుతుంది. వెనకాలే కాంక్రీటు సెగ్మెంట్లను గుండ్రంగా బిగిస్తారు. చాలా కాలం ఆగిన పని కొద్ది రోజుల కిందటే మళ్లీ మొదలైంది. ఎనిమిదిన్నర ప్రాంతంలో నీటి ఊట పెరిగింది. మట్టి వదులైంది. పైన ఏదో విరిగిన చప్పుడు.

అంతే, పైకప్పు సెగ్మెంట్లు ఊడి కిందికి రావడం, వాటి వెనకే బురద, రాళ్లు, నీళ్లు ఒక్కసారిగా దూకడం, అంత పెద్ద యంత్రం వెనక భాగం తునకలు కావడం, వెనక వరసల్లో పనిచేస్తున్న వాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలో పడుతూ లేస్తూ లోకో వైపు ఉరకడం, అన్నీ లెక్కపెట్టేంత వ్యవధి కూడా లేకుండా జరిగిపోయాయి. 40 మందికి పైగా బయటపడ్డారు. సొరంగం నోటి దగ్గర తలలు లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. ఎనిమిది మంది తక్కువ.

ఇద్దరు ఇంజనీర్లు, ఇద్దరు ఆపరేటర్లు, నలుగురు కూలీలు. ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. అందరూ మెషీన్‌కు దగ్గర్లో, ముందు వరసలో ఉన్నవాళ్లే.

ఆ రాత్రి ఎన్‌డీఆర్‌ఎఫ్ జట్టు లోపలికి కదిలింది. పదకొండు కిలోమీటర్లు లోకో మీద వెళ్లింది. ఆ తర్వాత పట్టాలు పనికిరాలేదు. మరో రెండు కిలోమీటర్లు కన్వేయర్ బెల్టు మీద నడిచారు. కాలి కింద జారుడు, నెత్తి మీద కారే నీళ్లు. యంత్రం తోక కనిపించింది. అవతల దాదాపు రెండు వందల మీటర్ల మేర బురద గోడ. అక్కడ నిలబడి, లోపల ఉన్నవాళ్లను పేరు పేరునా పిలిచారు. ఆగి విన్నారు.

ఎవరూ పలకలేదు.

అసలు ఇంత దూరం ఒకే నోటితో ఎందుకు తవ్వారు? శ్రీశైలం జలాశయం నుంచి 30 టీఎంసీల కృష్ణా నీటిని పంపులు లేకుండా, వాలు మీదే నల్లగొండకు పారించాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకరపోయిన పల్లెలకు మంచినీళ్లు అందించాలి, మూడు లక్షల ఎకరాలకు పైగా తడపాలి. అందుకోసం 2005లో సుమారు 44 కిలోమీటర్ల సొరంగం పని జయప్రకాశ్ అసోసియేట్స్‌కు అప్పగించారు. ఒప్పందం విలువ 1,925 కోట్లు. దోమలపెంట వైపు నుంచి ఒక మెషీన్, అటు మన్నెవారిపల్లి వైపు నుంచి మరొకటి. పైన అమ్రాబాద్ పులుల అడవి. మధ్యలో బావులు దించి, అడ్డదారులు తవ్వి లోపలికి చేరే వీలు లేదు. 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన మహా వరద దోమలపెంట వైపు సొరంగాన్నీ మెషీన్‌నూ ముంచేసింది. గడువులు దాటాయి. ప్రభుత్వాలు మారాయి. పల్లెలు ఎదురుచూస్తూనే ఉన్నాయి. మెషీన్ మాత్రం కష్టపడి పద్నాలుగో కిలోమీటరు దాకా చేరింది.

ప్రమాదం తర్వాత పత్రికలు ఒక పాత కాగితాన్ని బయటపెట్టాయి. 2020లో ఆంబెర్గ్ ఇంజనీరింగ్ సంస్థ ఆ సొరంగంలో ముందున్న రాయిని పరీక్షించింది. 13.88 నుంచి 13.91 కిలోమీటర్ల మధ్య రాయి బలహీనంగా ఉందనీ, నీళ్లున్నాయనీ ఆ నివేదిక చెప్పింది. కూలింది అక్కడికి దగ్గర్లోనే. ఆ కాగితం మీదే పని ఆగి ఉంటే ఎనిమిది ఇళ్లు నిలబడేవి.

లోపల చిక్కుకున్నవాళ్లను వెతకడానికి ఇక పిలుపు బొగ్గు గనులకు వచ్చింది.

కొత్తగూడెం నుంచి మందమర్రి, బెల్లంపల్లి దాకా గోదావరి లోయ పొడుగునా సింగరేణి గనులున్నాయి. మందమర్రిలో షిఫ్టు దిగే మనిషికి చీకటిలో పట్టాలు కొత్త కాదు. ఇంక్లైన్ వాలు మీద హాలేజీ తాడు గుంజే టబ్బులు, నడుముకు బ్యాటరీ, నెత్తిన క్యాప్ ల్యాంప్. పైకప్పును కర్రతో తట్టి చూస్తాడు. గట్టిగా మోగితే సరే, డొల్లగా మోగితే వెంటనే సపోర్టు పెట్టాలి. ఇంకో సంగతి కూడా అతనికి ఒంట్లో ఇంకి ఉంటుంది. గనికి రెండు దారులుండాలి. బొగ్గు గనుల నిబంధనలే ఆ మాట చెబుతాయి. ఒకటి మూసుకుపోతే రెండోదాంట్లోంచి బయటపడాలి. అలాంటి మనుషులు ఇప్పుడు రెండో దారి లేని సొరంగంలోకి దిగారు.

సింగరేణి జట్లు వంతులవారీగా లోపలికి వెళ్లాయి. ఆర్మీ, నేవీ, ఎన్‌డీఆర్‌ఎఫ్ పక్కన ఉన్నాయి. 2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగం నుంచి 41 మందిని పదిహేడు రోజులకు ప్రాణాలతో బయటికి తెచ్చినప్పుడు చివరి మీటర్లు చేత్తో తవ్విన ర్యాట్ మైనర్లూ వచ్చారు. కానీ సిల్‌క్యారాలో చిక్కుకున్నవాళ్లకు వెనక పొడి చోటుంది. పైపులోంచి గాలి, అన్నం పంపించగలిగారు. ఇక్కడ నిమిషానికి వేల లీటర్ల నీళ్లు ఊరుతున్నాయి. తవ్విన చోట మళ్లీ బురద నిండుతోంది.

బురదకు అడ్డం ఇనుము. యంత్రం వెనక భాగం ముక్కలై, వంగి, కాంక్రీటుతో కలిసి దారి మూసేసింది. దక్షిణ మధ్య రైల్వే నుంచి ఉక్కు కోసే జట్లు వచ్చాయి. ప్లాస్మా కట్టర్ల నీలి మంట ఆ ఉక్కపోతలో రాత్రీ పగలూ వెలిగింది. కోసిన ముక్కను లోకో మీదికి ఎక్కించి బయటికి పంపాలి. ట్రెయిన్ పోయి తిరిగొచ్చేదాకా ఇంకో ముక్క ఎదురుచూడాలి. మార్చి మొదట్లో తెగిన కన్వేయర్ బెల్టును బాగుచేశారు. బురద కదలడం మొదలైంది. మనుషులు ఉండొచ్చని రాడార్ పరీక్ష కొన్ని చోట్లు చూపించింది. తవ్వితే చాలా చోట్ల ఇనుమే తగిలింది.

అప్పుడు కేరళ పోలీసు కుక్కలను దింపారు.

పదమూడు కిలోమీటర్ల ప్రయాణం తర్వాత, నూనె, తుప్పు, తడి సిమెంటు వాసనల మధ్య అవి ఒకచోట ఆగాయి. కదలనన్నాయి. మనుషులు అక్కడ యంత్రాలను పక్కన పెట్టి చేతులతో తవ్వారు. మార్చి 9న మొదటి దేహం దొరికింది. అది ఒక మెషీన్ ఆపరేటర్‌ది. మార్చి 25న రెండోది, ఒక ఇంజనీర్‌ది. రెండూ ఊళ్లకు చేరాయి.

ముందుకు ఇంకా నలభై చిల్లర మీటర్లు. కానీ పైన కప్పు ఊగిసలాడుతోంది. గనిలో రెస్క్యూకు దిగే ప్రతి మనిషికీ తెలిసిన కష్టమైన లెక్క ఇది: పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లను ఎంత దూరం పంపాలి? నిపుణుల కమిటీ ఆ భాగంలోకి పోవద్దంది. ఏప్రిల్ నెలాఖరుకు పని ఆపేశారు. బొగ్గు గనుల జట్లు ఇంటిదారి పట్టాయి. ఎన్ని వారాలు ఆ బురదలో పనిచేసినా, లోపల ఆరుగురిని వదిలి రావడం వాళ్లకు ఎంత బరువో గని కుటుంబాల్లో ఎవరినడిగినా చెబుతారు.

2025 నవంబరు 3న మన్నెవారిపల్లి దగ్గర హెలికాప్టర్ లేచింది. దాని కింద వేలాడే పెద్ద పరికరంతో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ) శాస్త్రవేత్తలు అడవి మీద సర్వే మొదలుపెట్టారు. నేల లోపల వందల మీటర్ల లోతున ఎక్కడ పగులుందో, ఎక్కడ నీళ్లు దాగున్నాయో పైనుంచే కనిపెట్టడం దాని పని. దోమలపెంట వైపు మెషీన్‌కు బదులు డ్రిల్లింగ్, బ్లాస్టింగ్‌తో ముందుకు పోవాలన్నది ప్రభుత్వ ఆలోచన. అప్పటికి రెండు కొసల మధ్య తవ్వాల్సిన రాయి ఇంకా తొమ్మిదిన్నర కిలోమీటర్లు. మిగిలిన ఆరుగురూ ఆ దారి మొదట్లోనే ఉన్నారు.