పాతబస్తీ చరిత్రలో కంచన్‌బాగ్ ఎక్కడ?

పాతబస్తీ చరిత్ర రాసేవాళ్లు 1591లో చార్మినార్ దగ్గర మొదలుపెట్టి, లాడ్‌బజార్ గాజులు, పత్తర్‌గట్టి ముత్యాలు, 1908 మూసీ వరద మీదుగా వచ్చి 1948 సెప్టెంబరు దగ్గర కలం మూసేస్తారు. ఆ తర్వాత చాంద్రాయణగుట్ట దాటాక జరిగిందంతా ఢిల్లీ వాళ్ల వ్యవహారం, మన ఊరి సంగతి కాదన్నట్టు. నా ఉద్దేశంలో ఈ లెక్క తప్పు. అరవై ఏళ్లుగా ఈ దక్షిణపు అంచున, కంచన్‌బాగ్‌లో, ఒక విద్య పేరుకుంది: వేడికి లొంగని లోహాన్ని తయారుచేసే విద్య. దాని విలువ తెలియడానికి క్షిపణుల దాకా పోనక్కర్లేదు, ఒక పాత మిలిటరీ లారీ చాలు.

జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో తయారై, 1950ల చివరి నుంచి దశాబ్దాలపాటు సైన్యానికి చాకిరీ చేసిన శక్తిమాన్‌నే తీసుకోండి. దాని డీజిల్ ఇంజిన్ గాలిని తనంతట తానే పీల్చుకునే రకం. హైదరాబాద్ ఎత్తు 540 మీటర్లే కాబట్టి ఇక్కడ దానికి ఊపిరాడక పోవడమంటూ లేదు. అదే లారీ లడఖ్‌లో 5,000 మీటర్లు దాటిన ఖర్దుంగ్‌లా ఎక్కితే గాలి పీడనం దాదాపు సగానికి పడిపోతుంది. డీజిల్ సరిగా కాలక నల్లపొగ అవుతుంది. టర్బో బిగిస్తే, సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీది రెండో చక్రం గాలిని ఒత్తి సిలిండర్లలోకి తోస్తుంది. స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన తేలికే, చక్రంతోనే చిక్కు. ఆరేడు వందల డిగ్రీల పొగలో అది నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరగాలి. మామూలు ఉక్కయితే ఆ వేడికి మెల్లగా సాగి గూడుకు రాసుకుంటుంది. అందుకే నికెల్ మిశ్రమం. మైనంతో చక్రం నమూనా చేసి, పింగాణీ ముద్దలో పలుమార్లు ముంచి ఆరబెట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. బేరింగుకు ఇంజిన్ నుంచే ఆయిల్ రావాలి, తిరిగి దిగే పైపు లావుగా, వాలుగా ఉండాలి. బండి దౌడు తీసి వచ్చిన వెంటనే ఇంజిన్ ఆపేస్తే ఆ ఆయిల్ మాడి బొగ్గవుతుంది.

ఇంత తతంగం దేనికి, పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే సరిపోదా అంటారు. సరిపోదు, గాలి చాలని చోట డీజిల్ పెంచితే నల్లపొగే పెరుగుతుంది. అదే టర్బోతో గాలి పెంచి డీజిల్ పెంచకపోతే పొగా తగ్గుతుంది, పొగ వేడీ తగ్గుతుంది. అమెరికా సైన్యం తన రెండున్నర టన్నుల లారీల మల్టీఫ్యూయల్ ఇంజిన్‌కు టర్బో పెట్టింది ముఖ్యంగా పొగ తగ్గించడానికే. ఆశపడి డీజిల్ పెంచితే పిస్టన్ నెత్తి కరుగుతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది. ఎటు తిప్పినా లెక్క వేడి దగ్గరే తేలుతుంది.

ఆ లెక్కలు వేసేవాళ్లు మన కంచన్‌బాగ్‌లో ఉన్నారు. 1960ల్లో ఇక్కడికొచ్చిన రక్షణ లోహ పరిశోధనశాల, డీఎంఆర్‌ఎల్, కావేరీ జెట్ ఇంజిన్ టర్బైన్ రెక్కలను ఆ మైనపు పద్ధతిలోనే పోసింది. 1973లో పెట్టిన మిధాని నికెల్ మిశ్రమాలను గాలి తగలకుండా వాక్యూమ్ కొలిముల్లో కరిగిస్తుంది. లారీ టర్బోలు ఇక్కడ చేయరు కదా అంటే, నిజమే, చేయరు. బజార్లో దొరికే టర్బో ఎక్కడో తయారై వస్తుంది. నేను చెప్పేది సరుకు గురించి కాదు, విద్య గురించి. కంచన్‌బాగ్ కోటగోడ బయటిది కదా అనేవాళ్లకు జవాబు బార్కస్. నిజాం అరబ్ సిపాయిల బస అయిన బార్కస్ కూడా గోడ బయటిదే. దాన్ని పాతబస్తీ కాదన్నవాళ్లు లేరు. ఇక గట్టి అభ్యంతరం మరోటి: ఆ కాంపౌండ్ గోడ లోపల ఏం జరుగుతుందో చుట్టుపక్కల బస్తీకి తెలియదు, దాని ఫలం పక్క వీధి మెకానిక్ షెడ్డుకు అందదు. ఇది కాదనలేని మాట, అందాల్సింది కూడా. కానీ లోపలికి పోలేకపోవడమే కొలమానమైతే ఫలక్‌నుమా ప్యాలెస్ గేటు దాటిన పాతబస్తీ వాళ్లెందరు? 2010 నుంచి అది తాజ్ హోటల్. అయినా దాన్ని మన చరిత్రలోంచి ఎవరూ కొట్టేయలేదు.