హేవలాక్ వంతెన, డ్రైవరు కళ్ళు

రాజమండ్రి వద్ద గోదావరిపై 1897లో పనులు మొదలై, 1900లో రైళ్ళకు తెరచిన హేవలాక్ వంతెనకు 1997లో విశ్రాంతి ఇచ్చారు. 56 స్పానులు, సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు. పక్కనే కొత్తగా కట్టిన కమాను వంతెన దాని భారాన్ని అందుకున్నది. పాత వంతెన ఇప్పటికీ నదిలో నిలిచే ఉన్నది; అది కూలే దాకా ఎవరూ ఆగలేదు. ఇనుముకు పదవీ విరమణ నిర్ణయించడం మనకు తెలుసు. మరి వాహనం నడిపే మనిషికి?

ఈ ప్రశ్నను మొదట గట్టిగా పట్టుకున్నది రైల్వేలే. 1875 నవంబరులో స్వీడన్‌లోని లాగెర్‌లుండా వద్ద రెండు రైళ్ళు ఢీకొని తొమ్మిదిమంది మరణించారు. డ్రైవరు ఎరుపు, ఆకుపచ్చ దీపాలను పోల్చుకోలేకపోయి ఉండవచ్చునని ఫ్రితియోఫ్ హోంగ్రెన్ అనే ఆచార్యుడు అనుమానించి, రంగురంగుల ఉన్నికండెలతో రైల్వే ఉద్యోగుల కంటిచూపును పరీక్షించాడు. ఆ డ్రైవరుకు నిజంగా వర్ణాంధత్వం ఉన్నదా అన్నది నేటి పరిశోధకులు కూడా సందేహించే సంగతి. అయితేనేం, పరీక్ష మాత్రం లోకమంతా పాకింది.

నేడు రాజమండ్రి మీదుగా రైలు నడిపే లోకో పైలట్‌కు 45 ఏళ్ళు వచ్చేవరకు నాలుగేళ్ళకోసారి, ఆపైన 55 వరకు రెండేళ్ళకోసారి, తరువాత ఏటేటా వైద్యపరీక్ష. తప్పితే ఇంజను దిగవలసిందే. జీతం తగ్గకుండా వేరొక పని ఇస్తారు. నాకు ముఖ్యమనిపించేది ఈ రెండవ భాగమే. అన్నం పోదని తెలిసినవాడికి చూపు తగ్గిందని ఒప్పుకోవడం అంత కష్టం కాదు. లారీ, ఆటో డ్రైవర్లకు ఆ భరోసా ఎక్కడిది?

సొంతకారు సంగతి ఇంకా విచిత్రం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో నడపడానికి గరిష్ఠ వయోపరిమితి లేదు. 2019 సవరణ తరువాత 55 దాటినవారికి లైసెన్సు ఐదేళ్ళకోసారి పునరుద్ధరిస్తారు. డాక్టరు పత్రం ఉన్నా, ఫారం 1లోని ప్రశ్నలకు జవాబు చెప్పవలసినది దరఖాస్తుదారే: మంచి పగటి వెలుగులో 25 మీటర్ల దూరాన నంబరు ప్లేటు పోల్చుకోగలరా? రేచీకటి ఉన్నదా? మూర్ఛ వస్తుందా? జబ్బు ఉన్నదని తెలిసీ ప్రమాదకరంగా నడిపితే 186వ సెక్షను క్రింద శిక్ష. అంటే చట్టం కూడా చివరకు మన "తెలియడం" మీదనే ఆధారపడినది!

డెల్టాలో ఆ తెలియడం పగలు కాదు, రాత్రి జరుగుతుంది. కాలువగట్టు రోడ్డు సన్నం. ఒక పక్క నీరు, మరో పక్క వరిచేను, చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. ఎదురు లారీ దీపాలు కళ్ళలో పడి, అంచు కనిపించడానికి మునుపటికన్నా ఎక్కువసేపు పడుతుంటే శుక్లాలు ముదురుతున్నాయేమో చూపించుకోవాలి. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారికి చక్కెర హఠాత్తుగా పడిపోవడం మరో గండం. పక్కసీటులో కూర్చున్న ఇల్లాలు ఊరికే ఉలిక్కిపడుతున్నదంటే, అది కూడా ఒక వైద్యపరీక్షే సుమా!

మానడమంటే అన్నీ ఒక్కరోజున మానడమనీ కాదు. ముందు రాత్రిప్రయాణం, తరువాత జాతీయ రహదారి. రైలు లేని కోనసీమ పల్లెలో పెద్దాయనకు కారు తాళం ఇచ్చేయడమంటే పెళ్ళిళ్ళూ, పేరంటాలూ మరొకరి తీరికకు అప్పగించడమే. ఆ మాట ఎత్తే కొడుకు ముందుగా బస్సు వేళలూ, బాడుగ కారు ఏర్పాటూ చూసి రావడం న్యాయం.

శుక్లాలైతే ఆపరేషను తరువాత డాక్టరు సరేనంటే మళ్ళీ నడపవచ్చు. నీటికాసులతో పోయిన పక్కచూపు తిరిగి రాదు. ఆ మనిషి ఎదుట గోడమీది అక్షరాలన్నీ చక్కగా చదువుతాడు. సందులోంచి వచ్చే సైకిలు మాత్రం అతనికి కనపడదు.