రాతి గోడ మీది పేర్లు

ఆలయానికి చందా ఇచ్చిన వారి పేర్లు మెట్ల మీద, మండపం గోడల మీద చెక్కించడం మనవారందరూ ఎరిగిన ఆచారమే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని స్కోహారీ లోయలో కూడా అటువంటి గోడలు గల రాతి చర్చి ఒకటి ఉన్నది.

యుద్ధాలకు, విపరీతమైన చలికి తాళలేక 1709లో రైన్ నదీ తీరపు పాలటినేట్ ప్రాంతం నుండి వేలాది మంది జర్మనులు లండన్ చేరారు. మరుసటి సంవత్సరం బ్రిటిష్ ప్రభుత్వం వారిలో సుమారు 3,000 మందిని, ఓడలకు కావలసిన తారు తీయించడానికి న్యూయార్క్‌కు పంపింది. ఆ పథకం విఫలమైంది. ప్రభుత్వ సాయం ఆగిపోగా కొన్ని కుటుంబాలు 1712-13 చలికాలంలో స్కోహారీ లోయకు వెళ్ళి సేద్యం ప్రారంభించాయి.

వారి సంతతివారు డచ్ కుటుంబాలతో కలిసి 1772లో ఈ చర్చిని నిర్మించుకొన్నారు. సున్నపురాతితో దిట్టమైన గోడలు లేపి, పైన గోపురం నిలిపారు. విరాళాలిచ్చిన వారి పేర్లు బయటి రాళ్ళ మీద చెక్కించారు.

ఇంతలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. 1777లో చర్చి చుట్టూ దుంగలతో కంచె నాటి దానిని కోటగా మార్చారు. 1780 అక్టోబరు 17న సర్ జాన్ జాన్సన్ నాయకత్వంలో రాజపక్ష సేనలు లోయలోని ఇళ్ళను, ధాన్యపు కొట్టాలను తగులబెట్టుకుంటూ వచ్చాయి. చర్చి మీద ఫిరంగులు పేల్చాయి. ఒక గుండు చూరుకు తగిలి రంధ్రం చేసింది గాని గోడలు చెక్కుచెదరలేదు. ఆ రంధ్రం నేటికీ కనిపిస్తుంది.

చందాదారులలో కొందరు ఆ యుద్ధంలో రాజు పక్షం వహించారు. వారి పేర్లను తోటివారే రాళ్ళ మీద నుండి చెక్కివేశారని స్థానిక చరిత్ర చెబుతున్నది. కాని పేరు పోయిన రాయిని గోడ నుండి ఊడబెరకలేదు. చెరిగిన పేర్లవారి సొమ్ముతో కూడా లేచిన ఆ గోడలే లోపల తలదాచుకొన్న వారిని కాపాడాయి.

1830లో గోపురం తీసివేశారు. 1857లో ఆ కట్టడం రాష్ట్ర ఆయుధాగారమైంది. 1889 నుండి మ్యూజియంగా ఉన్నది. అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్ళే మన సభ్యులు ఆల్బనీ నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ కట్టడాన్ని చూసి రావచ్చును. మిగిలిన పేర్లతోపాటు చెరిపిన చోట్లను కూడా కాసేపు నిలబడి చూడవలసినదిగా మనవి.